చమురు పీపా సరిగమలు నేర్చిన కథ

రోడ్డు వేసే చోట తారు పీపాలు చూడనివాళ్లుండరు. పని ముగిశాక అవి ఏదో ఒక ఇంటికి చేరతాయి. మూత కోసేస్తే నీళ్ల తొట్టి, నిలువునా చీల్చి సాపు చేస్తే పాకకు దడి. ఖాళీ పీపా కంటబడితే పిల్లలు మాత్రం ముందు దాని మీద దరువేస్తారు. వాకిలంతా దద్దరిల్లే మోత అది. ఆ మోతను మలిస్తే అదే రేకు మీద సరిగమలన్నీ పలుకుతాయని మన ఊళ్లలో ఎవరికీ తోచలేదు. భూగోళానికి అటువైపున, వెనెజువెలా తీరానికి దగ్గరలో ఉన్న ట్రినిడాడ్ దీవిలో పేదపేటల కుర్రాళ్లకు తోచింది.

ఆ వాయిద్యం పేరు స్టీల్‌పాన్. చమురు పీపా అడుగును మూకుడులా లోపలికి గుంట చేసి, దాని మీద రబ్బరు చుట్టిన రెండు పుల్లలతో వాయిస్తారు. కళ్లు మూసుకుని వింటే అది ఇనుమని ఎవరూ అనుకోరు. గుడిగంట నాదాన్ని నీళ్లలో ముంచి తీసినట్టు మెత్తగా, అలలు అలలుగా వస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో పుట్టి, కరెంటు తీగ అక్కర్లేకుండా లోకమంతా పాకిన వాయిద్యాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. వాటిలో ఇది ముందు వరసలో ఉంటుంది.

దీన్ని ఫలానావాడు ఫలానా రోజున కనిపెట్టాడని తేల్చలేం. పేటకొకరు మేమే మొదలంటారు. ఈ కథను ఎన్నిసార్లు తిరగేసినా నాకు తోచేది ఒక్కటే: దీన్ని కనిపెట్టింది వీధి. నడుస్తూ వాయించాల్సి రావడం, దారిన పోయేవాడి చెవిన పడాల్సి రావడం, పక్కపేట బృందం కంటే ఒక్క స్వరమైనా ఎక్కువ పలికించాలనే పంతం. ఆ పీపా మీది ప్రతి వంపు వెనకా ఈ మూడింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

డోలు మీద కట్టడి

ట్రినిడాడ్‌ను చెరకు తోటలు ఏలిన రోజులవి. తోటల యజమానుల్లో ఫ్రెంచివాళ్లు ఎక్కువ, పాలన బ్రిటిష్‌వాళ్లది, చాకిరీ ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలది. ఈస్టరు ఉపవాసాలు మొదలవబోయే ముందు దొరల ఇళ్లలో కార్నివాల్ పండుగ జరిగేది. 1838లో బానిసత్వం పూర్తిగా ముగిశాక, విడుదలైన జనం ఆ పండుగను వీధుల్లోకి తెచ్చుకున్నారు. కాగడాలు, కర్రసాము, డోళ్లు. ఆ ఊరేగింపును కాంబులే అనేవారు. చెరకు తోటకు నిప్పంటుకున్నప్పుడు రాత్రికి రాత్రి కొరడాలతో తమను తోలుకెళ్లిన రోజులను జనం అలా తలుచుకునేవారు.

పాలకులకు ఆ డోలు చప్పుడంటే భయం. 1881లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలో పోలీసు అధికారి కెప్టెన్ ఆర్థర్ బేకర్ ఊరేగింపును అణచబోతే జనం తిరగబడ్డారు. 1884లో చట్టమే వచ్చింది. కాగడాలు, గుంపుగా కర్రలు పట్టుకు తిరగడం, వీధుల్లో డోలు వాయించడం అన్నీ కట్టడిలోకి వెళ్లాయి.

అదే ఏడాది అక్టోబరు 30న దెబ్బ మనవాళ్ల మీదా పడింది. 1845లో ఫతేల్ రజాక్ ఓడ చేరినప్పటి నుంచి కూలి ఒప్పందాల మీద మన దేశం నుంచి జనాన్ని ఆ తోటలకు తీసుకువెళ్తూనే ఉన్నారు. ఎక్కువ ఓడలు కలకత్తావి. మద్రాసు రేవు నుంచి బయల్దేరిన వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. మన పల్లెల్లో పీర్ల పండుగకు అన్ని కులాలవాళ్లూ కదిలినట్టే అక్కడ మొహర్రం ఊరేగింపులో హిందువులూ ముస్లింలూ కలిసి నడిచేవారు. తాసా డోళ్లు మోగేవి. ఆ ఊరేగింపులు శాన్ ఫెర్నాండో పట్టణంలో అడుగుపెట్టకూడదని ఆంక్ష పెట్టారు. జనం ఆగలేదు. పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు కూలీలు అక్కడికక్కడే కూలిపోయారు.

వెదురు నుంచి రేకుకు

తోలు వాయిద్యం లాక్కుంటే చేతులు ఊరుకుంటాయా? జనం వెదురు పొదల్లోకి వెళ్లారు. నాలుగైదు అడుగుల లావుపాటి బొంగును నిలువునా పట్టుకుని నేల మీద మోదితే 'బూం' అని మంద్రంగా పలికింది. అడుగు పొడవున్న రెండు ముక్కలను ఒకదాని కొనకు ఒకటి కొడితే నడిమి చప్పుడు. సన్న బొంగును భుజాన పెట్టుకుని పుల్లతో వాయిస్తే పైన గలగలలాడే దరువు. ఈ మేళాన్ని 'టాంబూ బాంబూ' అన్నారు. డోలుకు ఫ్రెంచి మాట 'టాంబూర్'. దాన్ని వెదురుకు అతికించారు.

దాదాపు యాభై ఏళ్లు వీధిని వెదురే ఏలింది. దానికి ఒకటే లోటు, చప్పున పగిలిపోతుంది. రాతిబాట మీద గంటల తరబడి మోదుతూ నడిస్తే మధ్యాహ్నానికల్లా పీచు తేలుతుంది. బొంగు పగిలినవాడు మేళం ఆపలేడు, వెనక జనం వస్తూనే ఉంటారు. చేతికి దొరికింది అందుకుంటాడు. బిస్కట్ డబ్బా, రంగు డబ్బా, చెత్తకుండీ మూత, లారీ బ్రేక్ డ్రమ్ము. 1930ల చివరి ఏళ్లలో న్యూటౌన్ పేట నుంచి 'అలెగ్జాండర్స్ రాగ్‌టైమ్ బ్యాండ్' పేరుతో ఒక బృందం వెదురును పూర్తిగా వదిలేసి, రేకు డబ్బాలతోనే కార్నివాల్‌లోకి దిగింది. చూసినవాళ్లు ఆగిపోయారు. వెదురు కంటే గట్టిగా, వీధి ఆ చివరికి వినబడే చప్పుడది. ఒకటి రెండేళ్లలోనే పేటపేటకూ డబ్బా మేళాలు లేచాయి.

ఇంతవరకూ అది దరువే. రాగం ఇంకా పుట్టలేదు.

సొట్ట చెప్పిన సంగతి

రాగం ఎలా పుట్టిందో చెప్పే కథల్లో జనం నోట ఎక్కువగా నానేది విన్‌స్టన్ 'స్ప్రీ' సైమన్ కథ. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ తూర్పున, కొండవాలు మీద ఉన్న జాన్ జాన్ పేట కుర్రాడతను. సైమన్ తన డబ్బాను మేళంలో ఇంకొకరికి ఇచ్చాడు. ఆ వాయించినవాడి చేతి బలానికి రేకు సొట్టలు పడి, పాత చప్పుడు పోయింది. డబ్బాను తిప్పి లోపలివైపు నుంచి రాయితో కొడుతూ సొట్టలు తీస్తుండగా సైమన్ చెయ్యి ఆగింది. ఒక్కోచోట ఒక్కో చప్పుడు వస్తోంది. ఉబ్బు పెద్దదైతే ఒక స్వరం, చిన్నదైతే ఇంకొంచెం పైస్వరం. అలా కొట్టుకుంటూ పోయి నాలుగు స్వరాలు పట్టుకున్నాడు.

ఇదే సంగతి వేరే పేటల్లో వేరే కుర్రాళ్లకు కూడా అదే రోజుల్లో దొరికి ఉండాలి. హెల్ యార్డ్‌లో నెవిల్ జూల్స్, వుడ్‌బ్రూక్‌లో ఎలీ మానెట్, అందరూ ఒకే వయసువాళ్లు, ఒకే పని మీద ఉన్నవాళ్లు. ఈ రాత్రి ఒక పేట మేళంలో కొత్త స్వరం వినిపిస్తే రేపు సాయంత్రానికి పక్కపేటలో సుత్తి చప్పుడు మొదలయ్యేది. కాగితం మీద ఎవరూ ఏదీ రాసుకోలేదు. గోడవతల నిలబడి విన్నదే పాఠం.

రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా ప్రభుత్వం కార్నివాల్‌ను ఆపేసింది. వీధి మూతపడింది కాబట్టి కుర్రాళ్లు పెరళ్లలో చేరారు. ఆ నాలుగేళ్లూ వాళ్లకు ప్రయోగశాల అయ్యాయి. 1945 మేలో ఐరోపాలో యుద్ధం ముగిసిందన్న కబురు రాగానే వాళ్లంతా డబ్బాలతో రోడ్డెక్కారు. నాలుగేళ్ల పని ఒక్కసారిగా జనం చెవిన పడింది. మరుసటి ఏడాది, 1946 కార్నివాల్‌లో గవర్నర్ సర్ బీడ్ క్లిఫర్డ్ ముందు సైమన్ తన డబ్బా మీద 'ఆవే మరియా' స్తోత్రాన్నీ, బ్రిటిష్ రాజగీతాన్నీ వాయించాడు. జనం వాటిని గుర్తుపట్టారు. డబ్బా పాట పాడిందని ఊరంతా తెలిసింది.

బోర్లించిన డబ్బా మూకుడైంది

సైమన్ కాలపు డబ్బా అడుగు పైకి ఉబ్బి ఉండేది. ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో ఒక పుల్లతో వాయించేవారు. చోటు తక్కువ, స్వరాలు తక్కువ. పైగా రేకు పలచన, నాలుగు దెబ్బలకే శ్రుతి జారిపోయేది.

ఇక్కడ ఎలీ మానెట్ వేసిన అడుగు పెద్దది. వుడ్‌బ్రూక్ పేట 'ఇన్‌వేడర్స్' బృందం నాయకుడతను, యంత్రాల పని తెలిసినవాడు. ఉబ్బును తిరగేసి, అడుగును లోపలికి దింపాడు. గుంట చేసేకొద్దీ రేకు సాగి వైశాల్యం పెరిగింది, ఎక్కువ స్వరాలకు చోటు దొరికింది. గుంట మధ్యలోకి చెయ్యి వాలినట్టు పోతుంది కాబట్టి అన్ని స్వరాలూ అందుబాటులోకి వచ్చాయి. 1946 ప్రాంతంలో అతను 55 గ్యాలన్ల చమురు పీపాను ఎంచుకున్నాడు. మన లెక్కలో 200 లీటర్ల పీపా. ట్రినిడాడ్ చమురు దీవి, పైగా యుద్ధకాలంలో అమెరికా సైన్యం అక్కడ స్థావరాలు పెట్టింది. ఖాళీ పీపాలకు కొదవ లేదు. గట్టి రేకు కాబట్టి శ్రుతి నిలిచింది. పుల్ల కొనకు రబ్బరు చుట్టడం కూడా మానెట్ చలవేనంటారు. కర్రదెబ్బ కరుకుదనం పోయి నాదం మిగిలింది.

పీపా మొత్తం మొయ్యలేరు కనుక పక్కలు కోసేసి, తాడుతో మెడకు తగిలించుకున్నారు. దాంతో రెండు చేతులూ ఖాళీ అయ్యాయి, రెండో పుల్ల వచ్చింది. నడుస్తూ వాయించాలి కాబట్టే ఆ ఆకారం. ఇదే వాయిద్యం కచేరీ సభలో పుట్టి ఉంటే దానికి ఏ రూపం వచ్చేదో కానీ, ఈ రూపాన్ని మాత్రం నడిచే కాళ్లే ఇచ్చాయి.

సుత్తి దగ్గర

పీపా పాన్‌గా మారడం దగ్గర నుంచి చూస్తే, చేసేవాడి ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది. పీపా అడుగు అడ్డంగా రెండడుగులకు కాస్త తక్కువ. రేకు మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు. ముందు సమ్మెటతో అంచు నుంచి మధ్యకు గుండ్రంగా కొట్టుకుంటూ దించుతారు. పైస్వరాల పాన్ అయితే జానెడు లోతు దిగాలి. ఒక్క దెబ్బ గతి తప్పినా రేకు చిరుగుతుంది, పీపా పనికిరాదు. మధ్యకు వచ్చేసరికి రేకు సాగి సాగి బాగా పలచబడుతుంది.

తర్వాత ఒక్కో స్వరానికి ఒక్కో గడి గీసి, గడి చుట్టూ మొండి ఉలితో చిన్న చిన్న దెబ్బలు కొట్టి గాడి తీస్తారు. ఒక గడి కంపనం పక్క గడిలోకి పాకకుండా ఆ గాడి గట్టులా ఆపుతుంది. పక్కలు తగిన పొడవుకు కోస్తారు. మంద్రస్వరాల పాన్‌కు పక్కలు దాదాపు మొత్తం ఉంచుతారు, పైస్వరాల దానికి కొంచెమే.

అప్పుడు మంట. వాయించే ముందు డప్పును సెగ చూపించి బిగువు తెప్పించడం మనకు తెలుసు. పీపాను కూడా మంట మీద కాలుస్తారు, అయితే అది పుట్టేటప్పుడు ఒక్కసారే. దెబ్బలు తిని డస్సిన లోహం ఆ వేడికి గట్టిపడి, ఇచ్చిన ఆకారాన్ని పట్టి ఉంచుతుంది.

చివరగా శ్రుతి. చిన్న సుత్తితో ఒక్కో గడిని అడుగు నుంచి కాస్త ఉబ్బించి, పై నుంచి కాస్త అణచి, చెవి పెట్టి విని, మళ్లీ కొడతారు. పెద్ద గడిలో మంద్రస్వరం, చిన్న గడిలో తారస్వరం. స్వరం ఒక్కటి కుదిరితే చాలదు. ఆ ఒక్క గడిలోనే స్వరంతో పాటు దాని పైస్థాయి స్వరం కూడా సన్నగా పలికేలా కొట్టాలి. పాన్ నాదంలో ఉండే ఆ మెరుపు అక్కడి నుంచే వస్తుంది. ఒక గడి సరిచేస్తే పక్క గడి కదులుతుంది. అది సరిచేస్తే మొదటిది మళ్లీ జారుతుంది. అలా రోజుల తరబడి తిరుగుతారు. బడిలో సంగీతం చదువుకోని మనుషులు చెవిని మాత్రమే నమ్ముకుని ఈ విద్యను నిలబెట్టారు.

థేమ్స్ గట్టున

ఇంత చేసినా ఆ కుర్రాళ్లకు ఊళ్లో మర్యాద దక్కలేదు. పాన్ వాయించేవాడంటే రౌడీ అన్నట్టే చూసేవారు. అందుకు కారణమూ లేకపోలేదు. బృందాలు పేటల కోటల్లా ఉండేవి. సినిమాల్లోంచీ యుద్ధవార్తల్లోంచీ తెచ్చుకున్న పేర్లు వాటివి: డెస్పరాడోస్, కాసాబ్లాంకా, టోక్యో. కార్నివాల్ రోజున రెండు బృందాలు ఒకే వీధిలో ఎదురుపడితే కత్తులు లేచేవి. పోలీసు పట్టుకెళ్తాడు, ఇంట్లో నాన్న పాన్ విరగ్గొడతాడు. మంచి కుటుంబం పిల్లలు ఆ పెరళ్ల ఛాయలకే పోకూడదు.

అలాంటప్పుడు కొందరు పెద్దలు పక్కన నిలబడ్డారు. నాట్యకళాకారిణి బెరిల్ మెక్‌బర్నీ తన లిటిల్ కరీబ్ థియేటర్ వేదిక మీదికి పాన్ వాయిద్యకారులను పిలిచింది. రాజకీయ నాయకుడు ఆల్బర్ట్ గోమ్స్ వాళ్ల తరఫున గొంతెత్తాడు. హేజెల్ హెన్లీ అనే యువతి 1950ల మొదట్లో 'గర్ల్ పాట్' పేరుతో ఆడపిల్లల బృందాన్నే కట్టింది.

1951లో బ్రిటన్ ఉత్సవానికి ఒక బృందాన్ని పంపాలని నిర్ణయించారు. ఒకరినొకరు ఓడించాలని చూసే బృందాల నుంచి మేటివాళ్లను ఏరి ఒక్కచోట కూర్చోబెట్టారు. సైమన్, మానెట్, ఆంథొనీ విలియమ్స్, స్టెర్లింగ్ బెటన్‌కోర్ట్, మొత్తం 11 మంది. బృందం పేరు టాస్పో. శిక్షణకు పోలీసు బ్యాండ్ అనుభవమున్న లెఫ్టినెంట్ జోసెఫ్ గ్రిఫిత్ వచ్చాడు. స్వరాలు కొన్ని ఉండి కొన్ని లేకపోతే కుదరదు, పన్నెండు స్వరస్థానాలూ పలకాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. మంద్రస్వరాల గడులు పెద్దవి, ఒక పీపాలో పన్నెండూ పట్టవు. అయితే రెండు పీపాలు పెట్టండి, చాలకపోతే మూడు పెట్టండి అన్నాడు. ఒక్క మనిషి ముందు పీపాల వరస నిలబెట్టి వాయించే పద్ధతి అక్కడ ఊపందుకుంది.

జులై 26న లండన్‌లో, థేమ్స్ నది దక్షిణపు గట్టున, ఆరుబయట వాయించారు. చుట్టూ ఉత్సవం చూడ్డానికి వచ్చి అటూ ఇటూ తిరిగే జనం. వాళ్ల కళ్ల ముందున్నవి తుప్పు మరకల చమురు పీపాలు. వాటిలోంచి వస్తున్నది పాట. ఊళ్లో రౌడీలన్న పిల్లలను లండన్ దినపత్రికలు మెచ్చుకున్నాయన్న కబురు ఓడల కంటే ముందే ట్రినిడాడ్ చేరింది. ఇంటి ముఖం పెట్టిన పాన్‌ను అప్పుడు ఊరు చూసిన చూపు వేరు.

సాలెగూడు

ఇంకో చిక్కుముడి మిగిలింది. ఏ స్వరం గడి పక్కన ఏ స్వరం ఉండాలి? తలా ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరి పాన్ ఇంకొకరు వాయించాలంటే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. టాస్పోలో కుర్రవాడైన ఆంథొనీ విలియమ్స్ తర్వాతి ఏళ్లలో 'సాలెగూడు పాన్' చేశాడు. గడుల అమరిక చూడ్డానికి సాలెగూడులానే ఉంటుంది.

నేడు ఎక్కువమంది వాడే అమరిక ఆ ఆలోచన నుంచే ఎదిగింది. మన సంగీతం తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. అంచున షడ్జం గడి ఉంటే దాని పక్కన పంచమం. ఆ పంచమాన్ని షడ్జంగా అనుకుంటే వచ్చే పంచమం దాని పక్కన. అలా పన్నెండు అడుగులు వేస్తే చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం. లోపలి వలయంలో, ప్రతి స్వరం ఎదుటా దాని పైస్థాయి స్వరం. స-ప పొత్తు ఎలాంటిదో తంబురా విన్న ప్రతివాడికీ తెలుసు. ఒక గడి కొడితే పక్క గడి కొద్దిగా కదలక మానదు. ఆ కదిలేది పొత్తు కుదిరిన స్వరమే అయితే నాదం చెడదు, నిండుగా వస్తుంది. దశాబ్దాల పాటు చెవితో వెతుక్కున్నదానికి ఒక క్రమం దొరికింది.

మళ్లీ వీధిలోకి

1962లో ట్రినిడాడ్ టొబాగో స్వతంత్ర దేశమైంది. మరుసటి ఏడాది పాన్ బృందాల 'పనోరమా' పోటీలు మొదలయ్యాయి. నేడు ఒక పెద్ద బృందంలో 120 మంది దాకా ఉంటారు. ఆ పోటీల్లో రెనిగేడ్స్ బృందానికి తొమ్మిదిసార్లు గెలుపు తెచ్చిన సంగీతకర్త జిట్ సమరూ (1950–2016). ఒప్పంద కూలీల వారసుడతను. 1884లో డోలుకూ తాసాకూ వేర్వేరు వీధుల్లో కట్టడి పడింది. వందేళ్ల తర్వాత ఆ రెండు జనాల పిల్లలు ఒకే పీపా ముందు నిలబడ్డారు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

టాస్పోతో వెళ్లిన బెటన్‌కోర్ట్ లండన్‌లోనే ఉండిపోయాడు. 1966లో నాటింగ్ హిల్‌లో పిల్లల కోసం ఒక వీధి ఉత్సవం జరిపారు. రసెల్ హెండర్సన్ బృందంతో కలిసి అతను అక్కడ పాన్ వాయిస్తున్నాడు. పిల్లల్లో ఉత్సాహం తగ్గుతోందనిపించి, పాన్‌లు మెడకు తగిలించుకుని నడవడం మొదలుపెట్టారు. దారిన పోయేవాళ్లు వెంట నడిచారు. ఐరోపాలోకెల్లా పెద్ద వీధి పండుగల్లో ఒకటైన నాటింగ్ హిల్ కార్నివాల్ ఊరేగింపు ఆ నడకతోనే మొదలైంది.

1992లో స్టీల్‌పాన్‌ను దేశపు జాతీయ వాయిద్యంగా ప్రకటించారు. ఐక్యరాజ్యసమితి 2023లో ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా గుర్తించింది. 2025లో ట్రినిడాడ్ పార్లమెంటు జాతీయ చిహ్నం మీద కొలంబస్ ఓడలను తీసేసి, ఆ చోట స్టీల్‌పాన్‌ను పెట్టడానికి ఆమోదం తెలిపింది. ఒకప్పుడు డోలు పట్టుకుంటే పోలీసు వచ్చే నేల అది.

ఇంత గౌరవం దక్కినా పాన్ మాత్రం దెబ్బలు తినే వస్తువే. కార్నివాల్ అంతా వాయిస్తే రేకు అలసిపోతుంది, గడులు జారతాయి, ఒక్కో స్వరం మసకబారుతుంది. మళ్లీ కార్నివాల్ దగ్గరపడే సాయంత్రాల్లో పాన్ పెరళ్లకు శ్రుతి చేసేవాళ్లు వస్తారు. పని నుంచి ఇళ్లకు వెళ్లేవాళ్లు గేటు దగ్గర ఆగి వింటుంటారు. శ్రుతి చేసే మనిషి పాన్‌ను ఒళ్లో తిప్పుకుని, అడుగు నుంచి సుత్తితో మెల్లగా కొడతాడు, ఆగుతాడు, వింటాడు. జాన్ జాన్ పేటలో ఒక పిల్లవాడు తన డబ్బా సొట్టలు తీస్తూ చేసిన పని అదే.